మేపుల్ ఆకుల అమ్మవారు

అమెరికా వచ్చిన కొత్తలో నాకు రెండే భయాలు ఉండేవి. పిల్లకి ఏదైనా జబ్బు చేస్తుందేమోనని ఒకటి, చేస్తే దాన్ని ఇంగ్లీషులో ఎలా చెప్పాలోనని రెండోది. బాటనీలో ఎమ్మెస్సీ చదివానన్న ధీమా ఉండేది గానీ, అది డాక్టరు ఆఫీసు గుమ్మం దాకానే.

ఎడిసన్‌లో మేం కాపురం పెట్టిన మొదటి వేసవిలో, జూన్‌లో, మా నాలుగేళ్ళ బుజ్జికి జ్వరం వచ్చి ఒళ్ళంతా ఎర్రగా పేలింది. చూడగానే తేల్చేశాను, తట్టేనని. "డాక్టర్‌కి చూపిద్దామా?" అన్నారు మావారు. "అమ్మవారు వచ్చినప్పుడు ఆస్పత్రికి తీసుకెళ్తారా ఎవరైనా?" అని కసిరాను. గుమ్మానికి వేపాకు కట్టాలని నేను పట్టుబడితే, ఆయన పార్కింగ్ లాట్ పక్కనున్న మేపుల్ చెట్టు కొమ్మ విరుచుకొచ్చారు. "బాటనీ చదివింది నువ్వు. దీన్ని వేప అనుకోమని అమ్మవారికి నువ్వే చెప్పు" అన్నారు. కట్టాను. (బాటనీ చెప్పిన మా మేడమ్ క్షమించాలి.) మూడు రోజులకి పిల్ల లేచి ఆడుకుంది. అమ్మవారు మేపుల్‌తో సరిపెట్టుకుందనుకున్నాను.

ఆగస్టు చివర్లో బడి నుంచి కాగితం వచ్చింది. మీజిల్స్ (అదే, మన తట్టు) టీకా వేయించాలి, లేదా జబ్బు వచ్చి తగ్గిందని డాక్టరు రాసివ్వాలి. రెండూ లేకపోతే బుజ్జికి కిండర్‌గార్టెన్‌లో చోటు లేదు. వచ్చి తగ్గినదానికి మళ్ళీ సూదేమిటి? వెళ్ళిపోయిన అమ్మవారిని పనిగట్టుకుని వెనక్కి పిలిచినట్టు కాదూ? మా అమ్మకి ఏరోగ్రామ్ రాశాను. జవాబుకి నెల పడుతుంది. బడి పది రోజుల్లో తెరుస్తారు. ఇక చేసేది లేక, కాగితం రాయించుకుందామని డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

అక్కడి నర్సు పెన్ను తీసి, ఏమైందో చెప్పమంది. కంగారులో నోట్లోని తెలుగు ఉన్నదున్నట్టు ఇంగ్లీషులోకి దొర్లింది.

"జూన్‌లో మదర్ మా ఇంటికి వచ్చింది."

"ఓ, హౌ నైస్! ఎన్నాళ్ళున్నారు?"

"త్రీ డేస్. ఒళ్ళంతా వచ్చింది."

"ఇండియా నుంచి మూడు రోజులకేనా?" అని జాలిపడి, ఏదో రాసుకుని, "మరి మీ మదర్‌కి షాట్స్ అన్నీ అయ్యాయా?" అంది.

మావారు గోడ మీది క్యాలెండర్‌ని మహా శ్రద్ధగా చూడసాగారు.

లోపల పెద్ద డాక్టరు కాగితం రాయలేదు. "ఎర్రగా పేలినవన్నీ మీజిల్స్ కావమ్మా. ఎవరూ పరీక్ష చేయలేదు కదా. ఒకవేళ నిజంగానే వచ్చి తగ్గినా, షాట్ వేస్తే నష్టం లేదు. ఇందులోనే గవదబిళ్ళలకీ మందు ఉంది" అన్నాడు నెమ్మదిగా.

"ఏమండీ, అమ్మ ఉత్తరం వచ్చాక వేయిద్దామా?" అన్నాను.

"అప్పటికి క్లాసులో ఏబీసీడీలు అయిపోతాయి" అన్నారాయన.

కొత్త స్కూల్ బ్యాగు విప్పనని భుజానికే తగిలించుకు కూర్చున్న బుజ్జి మా ఇద్దరి మొహాలూ చూసి, "అమ్మా, స్కూల్‌కి వెళ్ళాలంటే అమ్మవారి పర్మిషన్ కావాలా?" అంది. బ్యాగు పట్టీ పక్కకి జరిపి చొక్కా చెయ్యి నేనే మడిచాను. అది ఏడవలేదు. నేను ఏడ్చాను. నర్సు ఇద్దరికీ లాలీపాప్ ఇచ్చింది.

బడి తెరిచిన మూడో వారంలో అమ్మ జవాబొచ్చింది. "వెంటనే వేయించు. నీకు మూడో ఏట తట్టు పోసిందని ఊరంతా చెప్పాను గానీ, అవి ఉత్త చెమటకాయలే. పది రోజులు నీకు వేపాకు విసిరాక తెలిసింది. మీ నాన్నగారు నవ్వుతారని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు" అని రాసింది. ఆ ఉత్తరం మావారికి చూపించాలా వద్దా అని నేనూ రెండు రోజులు దాచాను.

ఇప్పుడు మా రెండోవాడి స్కూల్ ఫారం నా ముందుంది. టీకాల పేజీ నింపేశాను. ఆఖర్న, తల్లికి చిన్నప్పుడు మీజిల్స్ వచ్చిందా అని అడిగారు. అవును, కాదు, తెలియదు అని మూడు గళ్ళు. ఒకప్పుడైతే మొదటి గడిలో కాగితం చిరిగేలా టిక్కు పెట్టేదాన్ని. మూడో గడిలో పెట్టాను, కాస్త నవ్వుకుంటూ.