ముప్పై మంది వేదిక

వేదిక కింద వెల్లకిలా పడుకుని మేస్త్రీ బోల్టు బిగిస్తున్నాడు. పైన కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు ఎంతకీ ఆగడం లేదు. పాకి బయటికొచ్చి చూస్తే మూడో వరుస కూడా వేసేశారు.

"ఇదేంటి సార్? ముప్పై మందే అన్నారుగా!"

సంప్రదాయవాద పార్టీ మహాసభ కార్యదర్శి చెమట తుడుచుకున్నాడు. పిలిచిన వక్త ఒకాయన వలస వచ్చినవాళ్లను తిట్టాడని వారం నుంచీ రభస. నాయకుల్లో సగం మంది అతను వేదిక ఎక్కకూడదన్నారు, సగం మంది ఎక్కి తీరాలన్నారు. చివరికి, అతనితోపాటు అందరూ ఎక్కేలా రాజీ కుదిరింది.

"యాభై ఎనిమిది మంది. ఒక్కర్ని దింపినా పార్టీ చీలిపోతుందయ్యా."

"దింపకపోతే వేదిక కూలిపోతుంది."

తొమ్మిదింటికి తలుపులు తెరవాలి. ఎనిమిది దాటింది. వీధిలో నిరసనకారుల నినాదాలకు గాజు తలుపులు అదురుతున్నాయి.

"వేదిక భద్రమేనని ఈ కాగితం మీద సంతకం పెట్టు. లేదంటే ఇంకో మేస్త్రీని పిలుస్తా."

"పిలవండి. ముందు వేదిక కింద నా గొట్టాలు విప్పుకుపోతా."

కుర్చీలు మోసే రోజుల్లో ఒక వేదిక కూలితే, ఆ శిథిలాలు విప్పుతూ ఎక్కడ లోపమో చూసి పని నేర్చుకున్నవాడు మేస్త్రీ. ఆనాడు దాని కింద పడ్డ బావమరిది ఇప్పటికీ కుంటుతాడు. ఆ బావమరిదే ఇప్పుడు చెవిలో గొణిగాడు.

"వీళ్లంటే నీకు గిట్టదుగా బావా. ఎక్కనీ, సరదా తీరుతుంది."

"కాలు విరిగినప్పుడు నిన్నెవరైనా ఏ పార్టీ అని అడిగార్రా? స్పానరివ్వు."

అదనపు గొట్టాలు లేవు. మేస్త్రీ చూపు హాలు చివర టీవీ కెమెరాల కోసం కట్టిన ఎత్తు బల్ల మీద పడింది.

"అది విప్పితే దీనికి కాళ్లు సరిపోతాయి సార్."

"కెమెరాలు నేల మీద పెడితే వెనక వరుస కనపడదు! అక్కడ కూర్చునే నాయకులు ఒప్పుకోరు."

"కనపడాలో, నిలబడాలో మీరే తేల్చండి."

కార్యదర్శి ఫోను మోగింది. ఎవరో చూసి, ఎత్తకుండానే జేబులో పెట్టుకున్నాడు. "విప్పు."

నలభై నిమిషాల్లో ఆ బల్ల విప్పి, గొట్టాలు మోసుకొచ్చి వేదిక కింద బిగించారు. ప్రతి దూలం కిందా రెండేసి కాళ్లు వచ్చాయి. బరువు ఆగుతుందో లేదో చూడ్డానికి, కుర్చీలు పక్కకు నెట్టి పన్నెండు మంది కూలీలు వేదిక మీద ఒక్కసారిగా గెంతారు. మేస్త్రీ కింద దూరి, అరచేతులు గొట్టాలకు ఆనించి, "ఇంకోసారి" అని అరిచాడు. మళ్లీ గెంతారు. ఒకచోట సన్నగా కదిలింది. అక్కడ ఇంకో అడ్డగొట్టం వేసి మూడోసారి గెంతించాడు.

ఈసారి ఏదీ కదల్లేదు. కాగితం మీద ముప్పై కొట్టేసి యాభై ఎనిమిది అని రాసి, సంతకం పెట్టి కార్యదర్శి చేతికిచ్చాడు.

"ఇక మీదే సార్."