బొక్క లేని మనిషి

ఆ రోజుల్లో నాకు రెండు పిచ్చి నమ్మకాలుండేవి. మనుషులందరి ఎముకలూ పుస్తకంలో బొమ్మలాగే ఉంటాయని ఒకటి, తెలుగువాళ్లందరిదీ ఒకే తెలుగని మరొకటి. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి థియేటర్లో రెండూ ఒకే పూట ఊడిపోయాయి. మాది తెనాలి దగ్గర పల్లె. చదువు ముగించి ఆ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా చేరి పది రోజులైంది. (సర్టిఫికెట్టు మీద సిరా ఆరలేదు గానీ గర్వం అప్పటికే బాగా ముదిరింది.)

ఆ ఉదయం బీర్పూర్ నుంచి ఒక కల్లుగీత కార్మికుణ్ణి తెచ్చారు, యాభై దాటిన మనిషి. మొలలు బయటికొచ్చి బిగుసుకుపోయి రంగు మారుతున్నాయి. ఇంకో రెండు మూడు గంటలు ఆలస్యమైతే కుళ్లిపోతాయని సర్జన్ గారు తొందరపెడుతున్నారు. అందరూ నడుములో ఇచ్చే మామూలు సూదితో పని జరిగేదే. కానీ కొత్త విద్య ఊరుకోనిస్తుందా? నడుము కింద త్రికాస్థి అని ముక్కోణపు ఎముక ఉంటుంది. దాని చివర ఉండే చిన్న కంతలోంచి మందు ఎక్కించి కింది భాగం మొద్దుబార్చడం నాకు మహా ఇష్టం. "మీ వెన్ను చివర బొక్కలో సూది వేస్తానండీ" అని ముందే చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది గానీ సరేనని తలూపాడు. ఎంత గుండె ధైర్యమో అనుకున్నాను.

పక్కకు తిప్పి పడుకోబెట్టి వేలితో తడిమాను. కంతకు అటూ ఇటూ తగలాల్సిన రెండు బొడిపెలు తగల్లేదు. సూది దించితే గట్టిగా ఎముక. కాస్త పైన దించాను, మళ్లీ ఎముకే. అప్పుడు గుర్తొచ్చింది, కొందరికి ఆ కంత మూసుకుపోయి ఉంటుందని, కొందరికి చాలా పైదాకా తెరుచుకుని ఉంటుందని, తెలియక లోతుగా పొడిస్తే మందు వెన్నులోని నీటి సంచిలోకి పోయి ప్రాణం మీదికొస్తుందని. పరీక్షకు బట్టీపట్టి, పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చిన పేరా అది. సూది తీసేసి గట్టిగానే అన్నాను, "సార్, ఈయనకి బొక్క లేదు."

బల్ల మీది మనిషి లేచి కూర్చున్నాడు. "ముప్పయ్యేండ్ల సంది తాటిచెట్లెక్కుతున్న. బొక్క లేకుండనే ఎక్కిన్నా?"

నేను సర్దబోయి ఇంకా చెడగొట్టాను. భయపడొద్దు, కొంతమందికి బొక్క ఉండదు, మీది పూడుకుపోయింది అన్నాను. ఆయన వెనక గౌను ఒక చేత్తో పట్టుకుని, నొప్పితో వంగి, బయట బెంచీ మీదున్న భార్య దగ్గరికి నడిచాడు. ఆవిడ వెంటనే సిరిసిల్లలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, నాయిన నడుము బొక్క మాయమైందని చెప్పి ఏడ్చింది. కూతురు హైదరాబాదు తీసుకుపొమ్మంది. పది నిమిషాల్లో కారు మాట్లాడేశారు. నాలుగు గంటలకు పైగా ప్రయాణం. ఈ మనిషికి దారిలో ఏమైనా అయితే అది నా వల్లే. ఏం తప్పు మాట్లాడానో మాత్రం ఎంత ఆలోచించినా తెలియలేదు.

కోరుట్ల నుంచి వచ్చే పెద్ద నర్సు నన్ను పక్కకు లాగింది. "మేడం, మా దిక్కు బొక్కంటే ఎముక. మీరనేదాన్ని మేం పొక్క అంటం." నేను నోరు తెరిచేలోపే ఆయన దగ్గరికెళ్లింది. "కాకా, నీ బొక్క రాయి లెక్క ఉన్నది. దాంట్ల సూది పట్టే పొక్క లేదంటుంది మేడం, గంతే."

పొక్క లేకపోతే చెట్టెక్కుడు బందైతదా అని అడిగాడాయన. కాదని నేనే చెప్పాను, ఈసారి ఒక్కో మాటా నర్సు ముఖం చూసుకుంటూ. ఆయన భార్యవైపు తిరిగి, కారు పంపించెయ్యమన్నాడు.

కూర్చోబెట్టి, ముందే ఇవ్వాల్సిన ఆ మామూలు సూదికి నడుము మీద చోటు వెతుకుతున్నాను. ఆయన వెనక్కి తిరగకుండానే మెల్లగా అన్నాడు, "బిడ్డా, నీ చెయ్యి వణుకుతుంది. తొలిసారి చెట్టెక్కిననాడు నాకు గట్లనే వణికింది. ఫికర్ చెయ్యకు, నిమ్మలంగ పెట్టు."

సూది ఒక్కసారికే దిగింది. నాలుగో రోజు ఆయన తన కాళ్ల మీద నడిచి ఇంటికెళ్లాడు.

ఇప్పుడు నా చేతి కింద ఇద్దరు జూనియర్లున్నారు. ఏ ఇద్దరి త్రికాస్థీ ఒకలా ఉండదని, సూది పట్టేముందు తడిమి చూడమని వాళ్లను సతాయిస్తుంటాను. నా చెయ్యి వణకడం మానేసి చాలా ఏళ్లైంది. అందరూ పెద్ద మేడం అంటారు, బల్ల మీద పడుకున్నవాళ్లు కూడా. ఆ తర్వాత థియేటర్లో నన్ను బిడ్డా అన్నవాళ్లు లేరు. వణికే చేతులతో నిలబడ్డ ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.