పలకరాయి మీద జొన్నరొట్టె

ఈ రోజు ఆదివారం, పొద్దున్నుంచి మబ్బుగా ఉంది. నీళ్ల డ్రమ్ము కడిగి నింపాను.

అర్ధవీడు నుంచి అక్క వచ్చింది. వచ్చినప్పుడల్లా, మా ఆవిడ తట్టే జొన్నరొట్టె చిరుగుతుందని దెప్పుతుంది. తప్పు రొట్టె తట్టే స్టీలు పళ్లెందని నా అనుమానం. పిండి దానికి అంటుకుంటుంది. అందుకే పోయిన వారం మార్కాపురం గని దగ్గర పారేసిన పలకరాయి ముక్క ఒకటి తెచ్చి, అంచులు అరగదీసి మా ఆవిడకు ఇచ్చాను.

దాన్ని చూసి అక్క, "ఏందిరా, వంటింట్లో బడి పెట్టినావా?" అంది.

మా ఆవిడ ఆ రాయి మీదే రొట్టె తట్టింది. పళ్లెమంత రొట్టె ఎక్కడా చిరగకుండా పెనం మీదికి పోయింది.

రెండో రొట్టె తిన్నాక అక్క, "నాకూ ఒక రాయి చేసియ్యి నాయనా" అంది.

"నీ మరదల్ని అడుగక్కా, అది ఆమె రాయి" అన్నాను.

"చూద్దాంలే వదినా" అంది మా ఆవిడ, రొట్టె తిప్పుతూ.

నాకు కడుపు నిండిపోయింది. మీ ఇళ్లలో రొట్టె దేని మీద తడతారు?