బడి ఉద్యోగమా, టెలిఫోను ఉద్యోగమా

ఆ ఏడు జూలైలో వారం తిరక్కుండా నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. అంతకుముందు మా పాలెంలో ఏ ఆడపిల్లకీ ఒక్క ఉద్యోగం వచ్చిన దాఖలా లేదు.

మాది దివిసీమలో కోడూరు అవతల, సముద్రం హోరు వినపడే ఊరు. నాన్న ఒక పెద్ద రైతు దగ్గర పాలేరు. మా చర్చిలో మాత్రం సంఘ పెద్ద. అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్ళేది. నేను మిషన్ హాస్టల్లో ఉండి స్కూలు ఫైనలు పాసై, బందరులో రెండేళ్ళు టీచరు ట్రైనింగు పూర్తిచేసి అప్పుడే ఇంటికొచ్చాను.

మొదటి ఉత్తరం శుక్రవారం వచ్చింది. మా ఊరి మిషన్ బడిలోనే పంతులమ్మ ఉద్యోగం, పది రోజుల్లోగా వచ్చి చేరమని మిషన్ బడులు చూసే కరస్పాండెంటు గారి సంతకం. నాన్న ఆ కాగితం చేతిలోంచి వదల్లేదు. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, "మన సంఘం బిడ్డే మన బడికి పంతులమ్మగా వస్తోంది" అని అందరి ముందూ చెప్పేశాడు. ఆడవాళ్ళంతా నావైపు తిరిగి చూశారు. నేను తల దించుకున్నాను. అందరూ సిగ్గనుకున్నారు.

రెండో ఉత్తరం మంగళవారం వచ్చింది. గవర్నమెంటు కవరు. బందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు ఉద్యోగం. ముందు బెజవాడలో మూడు నెలలు నేర్పిస్తారట.

"ఇదేంటమ్మా?" అన్నాడు నాన్న, ఇంగ్లీషు అక్షరాలు చూసి.

"టెలిఫోను ఆఫీసులో ఉద్యోగం నాన్నా."

"అర్జీ ఎప్పుడు పెట్టావ్?"

"ట్రైనింగులో ఉన్నప్పుడు."

"నాకు చెప్పలేదే?"

"రాదనుకున్నాను."

నాన్న అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆయన అరవలేదు. అరుగు మీద కూర్చుని, "సంఘం ముందు చెప్పేశాను గదమ్మా. ఇప్పుడు కాదంటే నా నోటికి విలువేముంటుంది?" అన్నాడు. అమ్మ లోపల్నించి, "బందర్లో ఒక్కదానివీ ఎక్కడుంటావే?" అంది.

ఆ వారమంతా నాకదే ఆలోచన. బడి ఉద్యోగమంటే ఇంట్లోనే ఉండొచ్చు, అమ్మ చేతి వంట తినొచ్చు. దానికంటే పెద్ద ఆశ ఇంకొకటుంది. మా నాన్నని "ఒరేయ్" అని పిలిచే వీధిలో నన్ను "పంతులమ్మగారూ" అంటారు. ఆ మాట చెవిన పడాలని నాకెంత ఉండేదో చెప్పలేను. కానీ నిజం నాకు తెలుసు. నేను మంచి పంతులమ్మని కాను. ట్రైనింగులో పాఠం చెప్తుంటే పిల్లలు కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. వాళ్ళని కోప్పడాల్సిన నేను కూడా అటే చూసేదాన్ని. మా మేష్టరు గారు వెనక బెంచీలో కూర్చుని అదంతా రాసుకునేవారు.

టెలిఫోను సంగతి వేరు. ట్రైనింగు స్కూలు ఆఫీసులో ఒక ఫోనుండేది. హెడ్‌మిస్ట్రెస్ గారు భోజనానికి వెళ్ళినప్పుడు ఎత్తమని ఆ పని నాకప్పగించారు. మొదటిసారి ఎత్తితే గుడివాడ నుంచి ఒక తండ్రి, కూతురికి జ్వరం తగ్గిందా అని అడిగాడు. తగ్గిందండీ, ఇందాకే ఇడ్లీ తింది అని చెప్పాను. అవతల ఆయన ఊపిరి వదలడం నా చెవికి వినపడింది. ఆ రోజు నుంచి ఎప్పుడు మోగుతుందా అని చూసేదాన్ని.

గురువారం మా వదిన దగ్గరికి వెళ్ళాను. మా మేనమామ కోడలు. నాకంటే రెండేళ్ళు ముందు అదే ట్రైనింగు ఫస్టు క్లాసులో పాసైంది. అప్పుడు ఎక్కడా ఖాళీ లేదు. పెళ్ళయింది, బిడ్డ పుట్టింది, కూలికి పోతోంది. నేను వెళ్ళేసరికి మోకాలి లోతు బురదలో నాటు వేస్తోంది.

"వదినా, బడి ఉద్యోగం నీకొస్తే చేస్తావా?"

నడుం నిమిరి లేచి నిలబడింది. "నీ ఉద్యోగం నాకెందుకు?"

"నేను చేరకపోతే అది నాదెట్లా అవుతుంది? ఖాళీయే గదా."

ఆమె కాలవ దగ్గరికి నడిచి చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా, చాలాసేపు కడుక్కుంది. "ఇప్పుడు రమ్మన్నా ఈ కాళ్ళతోనే వెళ్ళిపోతాను" అంది. 

ఆదివారం వచ్చింది. పాటలయ్యాక పాస్టరు గారు, "సాక్ష్యం చెప్పేవాళ్ళెవరైనా ఉంటే లేవండి" అన్నారు. నేను లేచాను. మగవాళ్ళ వైపు చాప మీద నాన్న తలెత్తి చూశాడు. పక్కనున్న స్తంభం పట్టుకున్నాను.

"పోయిన ఆదివారం నాన్న చెప్పింది అబద్ధం కాదండి. అప్పటికి ఆయనకి తెలిసింది అంతే. నాకు బందరు టెలిఫోను ఆఫీసులో ఇంకో ఉద్యోగం వచ్చింది. నాన్నకి చెప్పకుండా అర్జీ పెట్టాను, ఆ తప్పు నాది. కానీ నేను ఆ ఉద్యోగానికే వెళ్తాను. మన బడికి పంతులమ్మ కావాలంటే ఇక్కడే ఉంది. నాకన్నా బాగా చదివింది." వదిన వైపు చెయ్యి చూపించాను. ఆమె ఒళ్ళో బిడ్డ నిద్రపోతోంది.

ఒక ముసలాయన, "ఫోన్లో మాట్లాడ్డం కూడా ఉద్యోగమేనంట!" అన్నాడు. నలుగురు నవ్వారు. పాస్టరు గారు నవ్వలేదు. "సంఘ పెద్దగారేమంటారు?" అన్నారు.

నాన్న లేచాడు. కండువా తీసి మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. "మన బడికి మన సంఘం నుంచి పంతులమ్మ వస్తుందని మాటిచ్చాను. వస్తుంది. అది నా కూతురే అయితీరాలని నేను దేవుడితో అనలేదు" అని కూర్చున్నాడు.

నా జీవితంలో అంతకంటే గొప్ప మాట నేను ఎవరి నోటా వినలేదు.

మర్నాడు పొద్దున బస్సులో నాన్న, వదిన, నేను బందరు వెళ్ళాం. కరస్పాండెంటు గారు పాస్టరు గారు రాసిచ్చిన ఉత్తరం చదివి, వదిన సర్టిఫికెట్లు చూసి, "మార్కులు బాగున్నాయమ్మా. చంటిబిడ్డ తల్లివి, బడెట్లా నడుపుతావు?" అన్నారు.

"మా అత్తగారు చూస్తారండి. నేను నాట్లకి వెళ్ళినన్నాళ్ళూ ఆవిడే చూశారండి" అంది వదిన.

ఆయన వదిన పేరు మీద ఉద్యోగం కాగితం రాయడానికి కలం తీశారు. బయటికొచ్చాక వదిన నా చెయ్యి పట్టుకుని బస్టాండు దాకా వదల్లేదు.

బెజవాడలో మూడు నెలలు నేర్చుకుని, బందర్లో మిషన్ హాస్టల్లో దిగి ఎక్స్ఛేంజిలో చేరాను. బోర్డు నిండా రంధ్రాలు, ప్లగ్గులు, తీగలు. చిన్న దీపం వెలిగితే ప్లగ్గు పెట్టి నంబరు అడగాలి, అవతలి లైనుకి కలపాలి. సూపర్‌వైజరు గారు నన్ను చూసిన మొదటి రోజే, "దివి నుంచా? నెల్లాళ్ళుంటే గొప్పే" అన్నారు. పిలిచినవాళ్ళందర్నీ నేను "ఏమండీ" అంటున్నానని రెండుసార్లు మందలించారు కూడా.

నేను చేరిన మరుసటి వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం గాలీ వానా. బెజవాడ లైను తెగిపోయింది. గుడివాడకి ఒక్క లైను మిగిలింది. అప్పుడు దివిసీమ నుంచి ఒక డాక్టరు గారు పిలిచారు. ఒక రైతుని పొలంలో రక్తపింజరి కరిచిందట. "ఒక సూది ఇచ్చాను, చాలదు. ఇంకా మందు కావాలి, ఎక్కడుంటే అక్కడ కనుక్కోండి" అన్నారు.

బందర్లో మందుల షాపులన్నిటికీ చేశాను. లేదన్నారు. మిగిలింది గుడివాడ. ఆ లైను మీద ఇద్దరు బియ్యం వ్యాపారులు ధర మాట్లాడుకుంటున్నారు. మాట మధ్యలో ఆపరేటరు దూరకూడదు. దూరితే సంజాయిషీ రాసివ్వాలి. నేను దూరాను.

"ఏమండీ, క్షమించాలి. దివిలో ఒక మనిషిని పాము కరిచింది. మందు కోసం గుడివాడ ఆసుపత్రితో మాట్లాడాలి. లైను వదిలిపెట్టండి."

 గుడివాడ నుంచి మాట్లాడుతున్న వ్యాపారి, "వదిలేశానమ్మా. మందు దొరికితే నాకు చెప్పు. మిల్లు దగ్గర నా కారుంది, డ్రైవర్ని పంపిస్తా" అన్నాడు.

గుడివాడ ఆసుపత్రిలో మందు దొరికింది. కారు పామర్రు, చల్లపల్లి మీదుగా బయల్దేరింది. ఆ రెండున్నర గంటలూ నేను కుర్చీ దిగకుండా, మందు బయల్దేరిందని డాక్టరు గారికి చెప్తూనే ఉన్నాను. పక్కమ్మాయి మంచినీళ్ళు తెచ్చి నోటికందించింది. సూపర్‌వైజరు గారు నా వెనకే నిలబడ్డారు. సంజాయిషీ అడుగుతారనుకున్నాను. సాయంత్రం అయిదు దాటాక డాక్టరు గారి దీపం వెలిగింది. "సూది ఇచ్చానమ్మా. ఇంక భయం లేదు" అన్నారు.

నేను హెడ్‌సెట్ తీసి ఏడ్చేశాను. సూపర్‌వైజరు గారు సంజాయిషీ మాటెత్తకుండా, "రేపణ్ణించి ట్రంకు బోర్డు నువ్వు చూసుకో" అన్నారు. అది చాలా దూరపు ఊళ్ళకి కలిపే, సీనియర్లు కూర్చునే బోర్డు.

మూడు వారాల తర్వాత ఎక్స్ఛేంజి మెట్ల దగ్గర ఒక మనిషి చక్రకేళి అరటిగెల భుజాన వేసుకుని నిలబడ్డాడు. కాలికింకా కట్టుంది. పక్కన భార్య. లోపలికి రానివ్వరు కాబట్టి నన్నే కిందకి పిలిచారు. "ఏమండీ, నమస్కారమండీ" అన్నాను, ఎవరో తెలియక.

"ఈ గొంతేనే!" అన్నాడు భార్యతో. "డాక్టరు గారి ఫోన్లోంచి ఈ గొంతే వినపడింది నాకు. మందు బయల్దేరిందండీ, బయల్దేరిందండీ అని."

ఆ గెల ఎక్స్ఛేంజిలో అందరికీ పంచాను. సూపర్‌వైజరు గారు రెండు పళ్ళు తిన్నారు. ఒక అత్తం పళ్ళు విడిగా తీసి ఆ శనివారం ఊరికి పట్టుకెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని కథంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత పండు వలుస్తూ, చర్చిలో నన్ను ఎగతాళి చేసిన ఆ ముసలాయన వీధిలో పోతుంటే కేకేసి పిలిచాడు.

"రావయ్యా, కూర్చో. మా అమ్మాయి ఉద్యోగం ఏంటో చెప్తాను."