మనోళ్ళ లైన్

కడుపుల రాయి పెట్టుకొని తిరిగేటోడు ఎట్లుంటడో మీకు తెలుసా? మామూలుగనే ఉంటడు. చాయ్ తాగుతడు, నవ్వుతడు, నలుగురికి సలహాలిస్తడు. పదిహేనేండ్ల సంది నేను గట్లనే ఉన్న. నా పెండ్లానికి చెప్పలే. దేవునికి సుత చెప్పలే. ఏటా కొండగట్టుకు పోత, అంజన్న ముంగట నిలబడత, వేరే ముచ్చట్లన్ని చెప్పుకొని మెట్లు దిగుత. మీరు నన్నెరుగరు గాబట్టి మీకు చెప్తున్న. నా పేరు చెప్ప. ఆయన పేరు మాత్రం చెప్పాలె, ఎందుకంటె నేను పాడు చేసింది ఆ పేరునే.

గంగారాం అన్న. ఎల్లారెడ్డిపేట దిక్కు మనిషి. దుబాయిల మేస్త్రీ పని. చదివింది అయిదో తరగతి.

ఒక్క రూంల ఎనిమిది మందిమి ఉండేటోళ్ళం, అందరం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కోళ్ళమే. నేను కోరుట్లల డిగ్రీ పాసై పోయినోన్ని. ఊర్లకు పైసలు పంపే ఎక్స్చేంజి ఆఫీసుల పని నాది. పని అంటే, చాయ్ ఇచ్చుడు, ఫారాలు అందిచ్చుడు, దేశానికో లైన్ ఉంటె ఆ లైన్ల నిలబడ్డోళ్ళను సక్కగ నిలబెట్టుడు. అయినా ఏసీల పని. ఎండల ఇటుకలు మోసేటోళ్ళ మధ్యల నేను కొంచెం మెడ ఎత్తుకొనే ఉండేటోన్ని.

శుక్రారం సెలవు. కూర పొయ్యి మీదికి ఎక్కంగనే మొదలయ్యేది లొల్లి. రూపాయి పడ్తదా, లేస్తదా? పాకిస్తానోళ్ళ పైసలు ఇంకా పడ్తయా? ఫిలిప్పీనోళ్ళవా, నేపాలోళ్ళవా? దేనిమీద పందెం కట్టాలె? పెద్ద పెద్ద ఆఫీసుల టై కట్టుకొని మాట్లాడుకునే ముచ్చట్లే, మేం ఉల్లిగడ్డ కోసుకుంట మాట్లాడుకునేటోళ్ళం. పందెం ఏందంటె, చెప్పింది తప్పినోడు వచ్చే శుక్రారం అన్నం గంజు తోమాలె. ఎనిమిది మందికి వండిన గంజు, అడుగంటి ఉంటది. తోమితె చేతులు పోతయి.

గంగారాం అన్న ఒక్కనాడు తోమలే.

ఆయన లెక్క ఏందో చెప్త వినుండ్రి. ఇప్పటికి ఎంతమంది సూటుబూటోళ్ళు టీవీల చెప్తుంటె విన్న, గంత సక్కటి లెక్క నాకు ఇంకోటి దొరకలే. ఒక దేశం పైసలు పడితె ఆ దేశపోళ్ళకు ఒక్క దిర్హానికి ఎక్కువొస్తయి. అందరు ఉరికొచ్చి పంపుతరు, వాళ్ళ లైన్ పెద్దగైతది. గంతవరకు ఎవనికైనా తెలుస్తది. అన్న దానికి ఇంకో మెట్టు ఎక్కిండు. "మన రూపాయినొక్కదాన్నే చూడొద్దురా. అందరి లైన్లు పెద్దగున్నయనుకో, గది డాలర్ జోరు, దిర్హం దాని ఎంబడే నడుస్తది. గంత తొందరగ దిగది, ఆగుండ్రి, ఇంకింత వస్తది. మనోళ్ళ లైనొక్కటే పెద్దగుందనుకో, గది మన ఇంటి లొల్లి. ఢిల్లీల పెద్దోళ్ళు ఊకోరు, సర్దుతరు. ఆ సర్దకముందే పంపుండ్రి" అనేటోడు.

అబ్బ, ఏం తెలివి! వేళ్ళ కణుపుల మీద బొటనవేలు జరుపుకుంట, కండ్లు మూసుకొని చెప్పేటోడు. గొప్ప లేదు, గోల లేదు. "నేను చెప్తలేనుర భయ్, లైన్ చెప్తుంది" అనేటోడు. పక్క రూం నేపాలోళ్ళు సుత వచ్చి అడిగిపోయేటోళ్ళు.

మరి ఆయనకు లైన్ల సంగతి ఎవలు చెప్పాలె? నేనే. అన్న పని చేసేది ఎడారి దిక్కు, సిటీకి రాడు. బేస్తారం నాడు నేను డ్యూటీ దిగి రాంగనే, "తమ్మీ, ఇయ్యాల ఎవల లైన్ ఎంతుండె?" అని అడిగేటోడు. నేను చెప్పేటోన్ని. ఆయన కండ్లు నేను. గా సంగతి అప్పుడు నాకు గర్వంగ అనిపియ్యలే. కడుపుమంట అయితుండె. డిగ్రీ నాది, ఆఫీసు నాది, చూసేది నేను, చెప్పి పేరు తెచ్చుకునేది ఆయన. వారం వారం నేను వాదిచ్చుడు, ఓడిపోవుడు, గంజు తోముడు. "డిగ్రీ సారూ, అడుగు మంచిగ గీకు" అని రూమంత నవ్వుడు. అన్న మాత్రం నవ్వకపోతుండె. ఒక్కోసారి వచ్చి పక్కన కూసోని నీళ్ళు పోస్తుండె. గది ఇంకా మండేది నాకు.

ఆ బేస్తారం రూపాయి బాగ పడ్డది. మనోళ్ళ లైన్ గుమ్మం దాటింది. మిగిలిన దేశాల కౌంటర్లు ఖాళీ.

రూంకు వచ్చిన. అన్న అడిగిండు. నేను బూట్లు విప్పుకుంట, మొఖం చూడకుంట, "అందరివి పెద్దగనే ఉన్నయన్నా, నిలబడ జాగ లేదు" అన్న.

గంతే. ఒక్క ముక్క.

తెల్లారి అన్న రూమంతటికి చెప్పిండు, ఆగుండ్రని. నేనొక్కన్నే రూపాయి లేస్తదని పందెం కట్టిన. మనసుల ఏమనుకున్న? ఒక్కసారి ఆయన గంజు తోమితె చూడాలె అనుకున్న, అంతకుమించి ఏం లేదు అనుకున్న. ఆయన ఆర్నెల్ల జీతం ఆపుకొని కూసున్నడని నాకు తెల్వదని ఇన్నేండ్లు నాకు నేనే చెప్పుకున్న. అబద్ధం. తెలుసు. ఊర్ల గోడలు లేపి పెట్టిన ఇల్లు ఉంది, వానలు పడకముందే స్లాబ్ పొయ్యాలె, పెండ్లాం పిల్లలు తాటిపత్రి పట్టా కింద ఉంటున్నరు, మంచి రేటు చూసి ఒక్కసారే పంపుత అని ఆయనే నాకు చెప్పిండు. అన్ని తెలిసే చెప్పిన. మరి నేనెసొంటి మనిషిని? గీ ప్రశ్న రాసుడు తేలికనే ఉంది, జవాబు రాయబుద్ధి అయితలేదు.

పది రోజుల్ల రూపాయి లేసి కూసుంది. మళ్ళ పడ్తది అని అన్న చూసిండు. పడలే. ఆఖరికి పంపితె స్లాబ్‌కు చాలలే. వానలు వచ్చినయి, నానిన గోడ ఒకటి కూలింది. ఎవలకు ఏం కాలే, కాని ఇంకో ఏడాది వాళ్ళు తాటిపత్రి కిందనే ఉన్నరు.

రూంల ఒక్కరు సుత ఆయనను ఒక్క మాటనలే. ఆయనే లేసి గంజు దగ్గర కూసున్నడు. ఒక్క వారం కాదు, నెలంత తోమిండు. "నా మాట విని మీరందరు మునిగిన్రు" అన్నడు. నేను పక్కన కూసోని నీళ్ళు సుత పొయ్యలే. దొంగకు తేలు కుట్టినట్టు మంచం మీద పండుకున్న. ఆనాటి సంది అన్న లైన్ల సంగతి నన్నడగలే. శుక్రారం లొల్లిల నోరు తెరవలే.

ఇప్పుడు నాకు కోరుట్లల చిన్న మొబైల్ షాపు ఉంది. మొగోళ్ళు గల్ఫ్‌ల ఉన్న ఆడోళ్ళు వచ్చి, "ఇయ్యాల పంపుమందామా సారూ, ఆపమందామా?" అని అడుగుతరు. దుబాయిల ఉన్న మా బామ్మర్దికి ఫోన్ చేసి, ఎవల లైన్ ఎంతుందో అడిగి చెప్త. అన్న లెక్క తప్పదు. అందరు నన్ను రేటు సార్ అంటరు. గా లెక్క నాది కాదని ఒక్కనాడు చెప్పలే.

మొన్న కొండగట్టు నుంచి వస్తుంటె మల్యాల స్టేజి కాడ గంగారాం అన్న కలిసిండు. వెంట్రుకలన్ని తెల్లబడ్డయి. నన్ను చూడంగనే, "తమ్మీ!" అని చెయ్యి పట్టుకున్నడు. ఏం మాట్లాడాల్నో తెల్వక అడిగిన.

"అన్నా, రూపాయి మళ్ళ పడ్తుంది గదా, ఏమంటవు?"

నవ్విండు. "నన్నడుగుతవేందిరా, సదువుకున్నోనివి నువ్వు. నాదేదో గుడ్డిదెబ్బ, నడిసినన్ని రోజులు నడిసింది. గా ఏడాది సమజైంది నాకు. నా బిడ్డ లెక్కలల్ల ఫస్ట్. కామర్స్ చదువుత, బ్యాంకుల, మార్కెట్ల సంగతి నేర్చుకుంట అని ఏడ్సింది. వద్దన్న. అది మనింటి తెలివి కాదు బిడ్డా అని నర్సింగ్ల ఏసిన."

అప్పుడన్నా చెప్పాలె. నోటిదాంక వచ్చింది. కరీంనగర్ బస్సొచ్చింది. ప్రసాదం పొట్లం విప్పి సగం నా చేతిల పెట్టి ఎక్కిండు.

ఎల్లారెడ్డిపేట ఎంత దూరం? పొద్దున పోతె మాపటికి తిరిగి రావచ్చు. పోతలేను. రేటు సార్ అనే పేరు పోతదని భయం. ఆయన తిడితె పడుత, కొడితె పడుత, "పోనీ తియిరా" అంటె మాత్రం ఏం చెయ్యాల్నో నాకు తెల్వది. అందుకే ముందుగాల గీ కాయితం మీద చెప్తున్న. మాఫీ అడుగుతలేను. చెప్తున్న, గంతే, గింత చెప్పినందుకే ఊపిరి కొంచెం ఆడుతుంది.

గంగారాం అన్నా, నీ లెక్క తప్పలే. నీ లెక్క ఒక్కనాడు తప్పలే. ఆ రోజు మనోళ్ళ లైనొక్కటే ఉండె.