చెమ్మ కాదు

కాక చనిపోయి ఇన్నేళ్ళయినా నా తెలివిని చెప్పుతో కొట్టాలనిపిస్తుంది. ఏడాదంతా ఒక ఎలక్ట్రానిక్ కార్డు జబ్బుకు చెమ్మ అని పేరు పెట్టి, కాలరెగరేసుకుని తిరిగాను.

ఎనభైల చివర్లో గోదావరిఖనిలో, బొగ్గును వ్యాగన్లకెత్తే చోట నేను ఎలక్ట్రానిక్స్ మెకానిక్‌ని. బంకరులో బొగ్గు ఎంత నిండిందో తెలియడానికి దాని గోడకు ఒక సీసపు డబ్బా బిగించి ఉండేది. లోపల గామా కిరణాలు వదిలే చిన్న బిళ్ళ. కిరణాలు అవతలి గోడకు చేరితే బంకరు ఖాళీ, చేరకపోతే నిండినట్టు. అవతలి గోడ నుంచి తీగ మీద వచ్చే ఆ సంగతిని లెక్కగట్టే కార్డు సీసపు డబ్బా పక్కనే ఒక పెట్టెలో ఉండేది. బొగ్గు మోసే బెల్టు నడిపే పెద్దాయన, మేమంతా కాక అని పిలిచేవాళ్ళం, రోజూ ఆ పెట్టెకు వీపు ఆనించి సద్ది తినేవాడు. బొగ్గు దుమ్ము పడని జాగా అదొక్కటే మరి. నేను పనిలో చేరిన కొత్తలో ఆ సద్దిలో సగం నాకే పెట్టాడు.

వానాకాలంలో కార్డు తప్పుడు లెక్క చెప్పడం మొదలుపెట్టింది. ఊడదీసి చూస్తే ట్రాన్సిస్టర్లు నీరసించాయి, ఆగాల్సిన చోట కరెంటు కారుతోంది. వానలు కదా, చెమ్మ పట్టిందన్నాను. వెల్డింగ్ రాడ్లు ఆరబెట్టే ఓవెన్లో సాయంత్రం పెట్టి పొద్దున తీస్తే కార్డు మళ్ళీ భేషుగ్గా పనిచేసింది. అందరూ శభాష్ అన్నారు. నెల తిరక్కుండా మళ్ళీ అదే రోగం, మళ్ళీ ఓవెన్. ఆ పెట్టె దగ్గర కూర్చుంటే ఏమన్నా అవుతుందా అని కాక ఒకసారి అడిగాడు.

"ఫికర్ చెయ్యకు కాకా, జరంత చెమ్మ పట్టింది, గంతే" అన్నాను.

ఎండాకాలం వచ్చింది. రాళ్ళు పగిలే ఎండల్లోనూ కార్డు పాడైంది. ఇప్పుడు చెమ్మ ఎక్కడిదిరా అని బుర్రకు తట్టాలి కదా? తట్టింది. తట్టినా ఓవెన్లోనే పెట్టాను. బంకరు ఆగకూడదని పైవాళ్ళు తొందరపెడుతున్నారు, నాకూ మెప్పు అలవాటైంది.

మళ్ళీ వానలు పడేసరికి కాకకు ముక్కు వెంట నెత్తురు, ఒంటినిండా నల్లమచ్చలు. ఒంట్లో రక్తం తయారవడం లేదన్నారు దవాఖానలో. అప్పుడొచ్చాడు, రేడియేషన్ కొలిచే మీటరు పట్టుకుని ఒక ఇంజనీరు, ఎప్పుడో జరగాల్సిన తనిఖీకి. పెట్టె దగ్గర మీటరు ముల్లు చివరిదాకా పోయింది. సీసపు డబ్బా వెనక బిరడా ఊడిపోయి, కిరణాలు కార్డు మీదికీ కాక కూర్చునే చోటికీ వస్తున్నాయి. రేడియేషన్ సిలికాన్‌ను లోలోపల గాయపరుస్తుందని, వేడి చేస్తే ఆ గాయం చాలావరకు మానుతుందని ఆయన చెప్పాడు. నేను ఆరబెట్టింది చెమ్మను కాదు. ప్రమాదముందని కార్డు నెలనెలా చెబుతుంటే, నెలనెలా నేనే దాని నోరు మూశాను.

కాక జబ్బు దానివల్లేనని డాక్టరు రాసివ్వలేదు, కాదనీ అనలేదు.

దవాఖానకు వెళ్ళి మంచం పక్కన నిలబడి అంతా చెప్పాను. తిడితే బాగుండేది. ఆయన మొత్తం విని కార్డు సంగతే అడిగాడు.

"వేడి చేస్తే అది మంచిగైతదా?"

అవునన్నాను.

"మరి నన్ను గూడ పెట్టరాదు బిడ్డా, ఆ ఓవెన్ల."

నవ్వుతున్నాడేమోనని ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు.