పేరు పెట్టి అడిగిన ప్రార్థన

నా చిన్నప్పుడు ప్రార్థన చెయ్యాలంటే నా తర్వాతే ఎవరైనా అని మా సంఘంల అనుకునేవాళ్ళు. ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గైతది గాని, ఆ పొగడ్త కోసం పడిచచ్చేదాన్ని. పదకొండేండ్లు ఉంటయేమో. మట్టెవాడల మాది రెండర్రల కిరాయి ఇల్లు. మా అమ్మ మిషన్ దవాఖానల నర్సు. శుక్రవారం వచ్చిందంటే మధ్యాహ్నం మా ఇంట్లనే ఆడోళ్ళ ఉపవాస ప్రార్థన. చాపలు పరిచేది, చెప్పులు వరుసగ పెట్టేది, ప్రార్థన చీటీలు రాసేది అన్నీ నేనే.

ఎవరికి ఏ కష్టమున్నా ఒక కాగితం ముక్క మీద రాసి పాత బిస్కెట్ డబ్బాల వేసేవాళ్ళు. మోకాళ్ళ మీద కూచున్నంక ఒక్కొక్కరు ఒక్కో చీటీ తీసి, దాని కోసం పైకి ప్రార్థన చెయ్యాలె. మిగిలినోళ్ళంత ఆమెన్ అనాలె. అండ్ల సగం మందికి చదువు రాదు. వాళ్ళు చెప్తుంటే నేను రాసేది, తీసిన చీటీ నేనే చదివి పెట్టేది. ఒకామెకు పెనిమిటి తాగుడు, ఒకామెకు మోకాళ్ళ నొప్పులు, ఒకామె బర్రె ఇంటికి రాలే. ఇంతమంది కష్టాలు నా చేతిరాతల ఉన్నయని నాకు లోపల్లోపల గర్వం.

ఆ ప్రార్థనకు పెద్ద మా నాయినమ్మ. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఎవరన్నా చెవిల కష్టం చెప్పుకుంటే కొంగు చివర ఒక ముడి వేసుకునేది. బియ్యం చెరిగేటప్పుడో, గిన్నెలు తోమేటప్పుడో ఆ ముడి చేతికి తగిలితే ఆగి పెదవులు కదిపేది. చప్పుడు రాకపోయేది. కష్టం తీరినంక ముడి విప్పేది. నాకు అది చూస్తే నవ్వొచ్చేది. మాటలు చేతగానోళ్ళ ప్రార్థన అనుకునేదాన్ని.

మా పక్కింట్ల కిరాణా దుకాణమోళ్ళు ఉండేవాళ్ళు. పూజలు, వ్రతాలు నిష్ఠగ చేసే ఇల్లు. వాళ్ళ కొత్త కోడలిని నేను అక్కా అని పిలిచేదాన్ని. మరిపెడ దిక్కు పిల్ల. రోజూ అత్త కునుకు తీసే యాళ్ళకు పెరటి గోడ సందుల నుంచి మా వంటింట్లకు వచ్చేది. మా బియ్యం డబ్బా వెనక ఆమె గోలీల పొట్లం ఉండేది. ఒకటి మింగి, నా జడ ఇట్ల లాగి, మళ్ళ అదే సందుల నుంచి పోయేది. ఆమెకు మూర్ఛ ఉండె. తల్లిగారోళ్ళు ఆ సంగతి దాచి పెండ్లి చేసిండ్రు. గోలీలు మా అమ్మనే డాక్టర్‌కు చెప్పి రాయించి తెచ్చేది. ఇయ్యాల్రేపు ఆ రోగమున్నోళ్ళు గోలీలు వేసుకుంట అందరి లెక్కనే బతుకుతున్నరు. అప్పుడు ఆ పేరెత్తితేనే జనం దూరం జరిగేవాళ్ళు. అత్తగారింట్ల తెలిసిందంటే ఆమె ఆ ఇంట్ల ఉండదు. అది ఆమెకూ ఎరుకే, మాకూ ఎరుకే.

ఒక శుక్రవారం ప్రార్థనకు ఆడోళ్ళు రాకముందు, అక్క గోలీ మింగినంక పోకుండ నాయినమ్మ దగ్గర కూలబడ్డది. "అవ్వా, మీ దేవున్ని నా గురించి గూడ జర అడుగుండ్రి. నా పేరు మాత్రం రానియ్యకుండ్రి," అన్నది. నాయినమ్మ కొంగుకు ముడి వేసింది. నేను ఆగుతనా, పక్కనే కూచొని చీటీ రాసిన. 'ఒక అక్కకు ఒంట్లో బాగుండాలి' అని. నాయినమ్మ చదివించుకొని విన్నది. ఇంతకంటె ఒక్క అక్షరం ఎక్కువ వద్దన్నది.

అయితే అంతకుముందు ఆదివారమే పాస్టరమ్మగారు మా పిల్లలకు ఒక మాట చెప్పింది. ప్రార్థన గాల్లోకి రాయి విసిరినట్టు ఉండొద్దు, ఎవరికి ఏం కావాలో పేరు పెట్టి అడగాలె అని. ఆమె మంచికే చెప్పింది. నాకు అది తలకెక్కి కూచున్నది. ఆ మధ్యాహ్నం డబ్బాల చెయ్యి పెట్టి, మడత గుర్తుపట్టి, అక్క చీటీనే తీసుకున్న. కండ్లు మూసుకున్న. 'ఒక అక్క' అంటే దేవునికి ఏ అక్క అని తెలవాలె? లోకంల ఎంతమంది అక్కలు లేరు! అందుకే పేరు చెప్పిన. పక్కింటి కోడలు అని చెప్పిన. మూర్ఛ అని చెప్పిన. అత్తకు తెల్వకుండ మా ఇంట్ల గోలీలు మింగుతాందని గూడ చెప్పి, కన్నీళ్ళు పెట్టుకొని మరీ చేసిన. ఇల్లు అదిరేటట్టు ఆమెన్ అన్నరు. కండ్లు తెరిచి చూస్తే నాయినమ్మ ఒక్కతే నన్ను చూస్తాంది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటరు. నాది జారలే. నేనే పెద్దగ తెరిచిన.

నాయినమ్మ అందరినీ ఆపి, ఈ మాట ఈ గడప దాటొద్దని బతిమాలింది. అందరూ సరేనన్నరు. మాట తప్పిండ్రని గూడ అనలేను. ఒక్కరు చాడీ చెప్పలేదు, ఒక్కరు ముచ్చట పెట్టలేదు. ఇంటికి పోయి ప్రార్థన చేసిండ్రు, అంతే. పొద్దుగూకంగ ఇంటిల్లిపాది కూచొని పైకి ప్రార్థన చేసుకునుడు మాకు అలవాటు. పాపం, ఆ పిల్లను తలుచుకోకుంటే ఎట్ల అని ప్రతి ఇంట్ల తలుచుకున్నరు. అండ్ల ఒకామె ఇంటికీ, అక్క మామ దుకాణానికీ నడుమ ఒకటే గోడ. దుకాణంల దీపం పెట్టేటప్పుడు ఆయనకు గోడ అవతల తన కోడలి పేరు వినపడ్డది. పేరు ఎనక రోగం పేరు.

మూడు దినాలు ఆ ఇంట్ల నుంచి కేకలు. నాయినమ్మ నన్ను వెంటేసుకొని పోయింది. తప్పు మాది, పిల్ల బంగారం, గోలీలు వేసుకుంటే ఏ ఫికర్ లేదని చేతులు జోడించింది. అక్క అత్త మమ్మల్ని గడప ఎక్కనియ్యలే. "మా ఇంటి సంగతి దేవునికి చెప్పమని మిమ్మల్ని ఎవరడిగిండ్రమ్మా?" అన్నది. లోపల ఎక్కడో అక్క ఉన్నదని తెలుసు, కనపడలే.

ఆ తెల్లారి అక్క వాళ్ళ నాయిన వచ్చిండు. వాకిట్ల రిక్షా, రిక్షాల రేకుపెట్టె. నాయినమ్మ గోలీల పొట్లం నా చేతుల పెట్టి ఉరుకమన్నది. ఉరికిన. వాళ్ళ నాయిన తల ఎత్తలేదు. అక్క పొట్లం తీసుకొని కొంగున కట్టుకున్నది. తిడుతదనుకున్న, కొడుతదనుకున్న. కొట్టినా బాగుండేది! నా జడ ఎప్పటి లెక్కనే ఇట్ల లాగి, "నా కోసం ఏడ్చినవట గదా చెల్లే. నా కోసం ఎవ్వలు ఏడ్చిండ్రే ఇన్నాళ్ళు?" అన్నది. రిక్షా కదిలింది. తప్పైంది అక్కా అని అనాలె. అన్ని మాటలు వచ్చే పిల్లకు ఆ ఒక్క మాట రాలే.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా దగ్గర కూచొని ఏడ్చిన. నాయినమ్మ నన్ను కొట్టలే. కొంగు ముడి నా చేతికి తాకిచ్చింది. "దేవుని చెవిల చెప్పే మాట పక్కోళ్ళ చెవిల పడితే అది దండోరా అయితది బిడ్డా. గీ ముడి ఎవలదో ఆయనకు తెల్వదనుకున్నవా?" అన్నది. ఆ తర్వాత శుక్రవారం అందరి ముందర నిలబడి, పిల్ల ముందట కష్టం చెప్పనిచ్చిన తప్పు తనదేనని చెప్పి మోకరించింది. నా పేరు ఎత్తలేదు. చీటీల డబ్బా ఆ దినమే తీసేసింది.

అక్క ముడి మాత్రం ఆమె విప్పలేదు. చీర మార్చినప్పుడల్లా కొత్త కొంగుకు మళ్ళ వేసేది. నాయినమ్మ పోయిన దినం శవపెట్టెల పండబెట్టేటప్పుడు మా అమ్మ కొంగు సాపు చేయబోతే నేను చెయ్యి పట్టుకొని ఆపిన. ముడి ముడి లెక్కనే మట్టిలకు పోయింది.

పెద్దయినంక ఒకసారి మరిపెడకు పెండ్లికి పోయిన. అక్క ఏమైందో ఎవరినన్నా అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే ఎందుకు అంటరు, అంటే చెప్పాలె, చెప్తే పాత ముచ్చట మళ్ళ లేస్తది. అన్నం తిని వచ్చేసిన. ఉన్నదో లేదో, గోలీలు దొరికినయో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇప్పుడు శుక్రవారం ప్రార్థనకు పెద్దను నేనే. సంఘానికి ఫోన్ల ఒక గ్రూపు ఉన్నది. పేరు, రోగం, ఫోటో, రిపోర్టు అన్నీ పెట్టి ప్రార్థించండి అంటరు. కిందనే నూరు చేతులు జోడించిన బొమ్మలు. నేను ఒక్కొక్కరికి ఫోన్ చేసి పేరు తీసెయ్యుండ్రి అంట. ముసలామెకు చాదస్తం అని నవ్వుకుంటరని తెలుసు. నవ్వనీ. నా దగ్గరికొచ్చి చెవిల చెప్పినోళ్ళకు కొంగు ముడి వేస్త, పెదవులు కదుపుత. వాటిల్ల ఒక ముడి యాభై ఏండ్ల కిందటి కష్టానిది.

ఇంతసేపు చెప్పిన గదా, అక్క పేరు మీకు చెప్పలేదు. మరిచిపోయి గాదు. ఆ పేరు బతుకుల ఒక్కసారే పైకి అన్న. ఆ ఒక్కసారికే ఆమె ఇల్లు పోయింది.